ఒకే డ్రాఫ్ట్‌లో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు: బ్రౌన్స్ ఏమాలోచించినట్టు?

ఎరీ_ఒడ్డు
అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో జట్లు కళాశాల ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2025 డ్రాఫ్ట్ గ్రీన్ బేలో ముగిసి నెల కావస్తున్నా నాకు మింగుడుపడని విషయం ఒకటుంది. మా క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ మూడో రౌండ్‌లో, 94వ స్థానంలో, ఒరెగన్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు దాడిని నడిపేవాడు) డిలన్ గాబ్రియెల్‌ను తీసుకున్నారు. మర్నాడు సియాటిల్‌కు 166, 192 పిక్‌లు (ఎంపిక వంతులు) రెండూ ఇచ్చి, 144వ స్థానానికి ఎగబాకి, కొలరాడో నుంచి షెడూర్ శాండర్స్‌ను కూడా తెచ్చుకున్నారు. అప్పటికే జట్టులో నలభై ఏళ్ల జో ఫ్లాకో ఉన్నాడు, పిట్స్‌బర్గ్ మొదటి రౌండ్‌లో తీసుకుని రెండేళ్లకే వదులుకున్న కెనీ పికెట్ ఉన్నాడు, మడమ గాయంతో పక్కన కూర్చున్న డెషాన్ వాట్సన్ జీతం ఎలాగూ ఉంది. ఇందరు క్వార్టర్‌బ్యాక్‌లున్న జట్టుకు అసలు క్వార్టర్‌బ్యాక్ లేనట్టేనని నా అభిప్రాయం. ప్రాక్టీసులో మొదటి జట్టుతో ఆడే అవకాశాలు రోజుకు ఇన్నని లెక్క ఉంటుంది, వాటిని నలుగురికి పంచితే ఏ కుర్రవాడు ఎప్పుడు నేర్చుకుంటాడు? దీని వెనక ప్రణాళిక ఉందని మీలో ఎవరైనా నమ్ముతున్నారా?

నైనర్_నాని
144వ పిక్ గురించి ఇంత బాధపడనవసరం లేదు. మా శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు 2021లో 12 నుంచి 3కు ఎక్కడానికి ఆ ఏటిదిగాక 2022, 2023 సంవత్సరాల మొదటి రౌండ్ పిక్‌లు, మీదట ఒక మూడో రౌండ్ పిక్ ధారపోసి ట్రే లాన్స్‌ను తెచ్చారు. అతడు మా తరఫున మొదలుపెట్టిన ఆటలు నాలుగంటే నాలుగు. తర్వాత ఒక నాలుగో రౌండ్ పిక్‌కు డాలస్‌కు పంపేశారు. 2022లో చిట్టచివరి పిక్‌గా, 262వ స్థానంలో, బ్రాక్ పర్డీ దొరికాడు, రెండో ఏటికే లీగ్ తుది పోరు సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు, ఈ నెలలోనే ఐదేళ్లకు 26.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. చవకగా దొరికినప్పుడు ఒకడికి బదులు ఇద్దరిని ప్రయత్నించడంలో నష్టమేముంది?

లెక్కల_మాస్టారు
నాని గారూ, పర్డీని ప్రతి చర్చలోనూ సాక్ష్యానికి పిలవడం ఆపాలి. 199వ స్థానంలో టామ్ బ్రేడీ, 262వ స్థానంలో పర్డీ అని మనం చెప్పుకుంటున్నామంటే అర్థం, అటువంటివాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే ఉన్నారని. ఆరు, ఏడు రౌండ్లలో వచ్చి ఒక్క ఆటైనా మొదలుపెట్టకుండా ఇంటికి వెళ్లిన క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు మనకు గుర్తుండవు గనుక లాటరీ చాలా సులువుగా తగులుతుందన్న భ్రమ కలుగుతుంది. బరో మొదటి పిక్, స్టాఫర్డ్ మొదటి పిక్, గాఫ్ మొదటి పిక్, మహోమ్స్ పదో పిక్. ఇటీవల సూపర్ బౌల్ ఆడినవాళ్లలో ఎక్కువమంది ఎక్కడ నుంచి వచ్చారో ఇంతకంటే చెప్పనక్కరలేదు.

ఫిల్లీ_గద్ద
ఆ జాబితాలో జేలెన్ హర్ట్స్‌ను ఎందుకు వదిలేశారో తెలియదు గాని, 2020లో మా ఫిలడెల్ఫియా వాళ్లు అతడిని రెండో రౌండ్‌లో, 53వ స్థానంలో తీసుకున్నారు. అప్పటికి ఏడాది ముందే కార్సన్ వెంట్జ్‌కు నాలుగేళ్ల 12.8 కోట్ల డాలర్ల పొడిగింపు ఇచ్చి ఉన్నాం. ఆ రోజు మా ఊళ్లో జనరల్ మేనేజర్‌ను తిట్టనివాడు లేడు. మొన్న ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో 40-22 స్కోరుతో కన్సాస్ సిటీ చీఫ్స్‌ను ఓడించినప్పుడు ఆ తిట్లేవీ ఎవరికీ గుర్తు రాలేదు.

లెక్కల_మాస్టారు
హర్ట్స్‌ను వదిలేయలేదు, "ఎక్కువమంది" అన్నాను. మరొకటి కూడా గమనించండి. ఆ ఆటలో చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ను మీ డిఫెన్స్ ఆరుసార్లు పడగొట్టింది. గెలుపును హర్ట్స్ ఒక్కడి ఖాతాలో రాస్తే మీ లైన్ ఆటగాళ్లకు కోపం వస్తుంది.

ఆష్‌బర్న్_అన్న
ఒకే డ్రాఫ్ట్‌లో ఇద్దరిని తీసుకోవడం కొత్త సంగతేమీ కాదు, మా వాషింగ్టన్ 2012లోనే ఆ పని చేసింది. రెండో పిక్ కోసం సెయింట్ లూయిస్ ర్యామ్స్‌కు మూడు మొదటి రౌండ్ పిక్‌లూ ఒక రెండో రౌండ్ పిక్కూ ఇచ్చి రాబర్ట్ గ్రిఫిన్‌ను తెచ్చుకుని, నాలుగో రౌండ్‌లో, 102వ స్థానంలో, కర్క్ కజిన్స్‌ను కూడా తీసుకున్నారు. అప్పుడూ ఇవే మాటలు వినిపించాయి: ఇంత పోసి ఒకడిని కొన్నాక మళ్లీ ఇంకొకడెందుకు, పిక్ వృథా కాదా అని. గ్రిఫిన్ మొదటి ఏడాది ఉత్తమ అఫెన్సివ్ రూకీ (దాడి వైపు తొలి ఏడాది ఆటగాడు) అయ్యాడు, 2013 జనవరిలో సియాటిల్‌తో ప్లేఆఫ్ ఆటలో మోకాలు పోగొట్టుకున్నాడు, ఆ తర్వాత మునుపటి మనిషి కాలేకపోయాడు. 2015 నుంచి మూడేళ్లు జట్టును నడిపింది కజిన్సే. కనుక రెండో మనిషిని తీసుకోవడం తప్పని నేననను. అయితే మా దగ్గర ఎవరు ముందో, ఎవరు వెనకో మొదటి రోజు నుంచీ అందరికీ తెలుసు. మీ దగ్గర ఆ స్పష్టత లేదు, అసలు గొడవ అక్కడే ఉంది.

ఎరీ_ఒడ్డు
అన్న గారు నా మనసులోని మాటను నాకంటే బాగా చెప్పారు. 94కూ 144కూ మధ్య అంతరం ఎంత చిన్నదంటే ఇద్దరిలో ఎవరినీ మొదటివాడని అనలేం, ఎవరినీ పక్కన పెట్టలేం.

తెల్లారిగట్ల_ఆట
హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. శుక్రవారం ఉదయం అయిదున్నరకు లేచి మొదటి రౌండ్ చూసినవాడిని, శాండర్స్ పేరు వినడానికి శనివారం రాత్రి దాకా ఆగవలసి వచ్చింది. నాకు అర్థం కానిది ఒకటే. 2024లో 74 శాతం పాసులు చేరవేసి, 4,134 గజాలు, 37 టచ్‌డౌన్‌లు (ఈ ఆటలో గోల్ లాంటివి) సాధించినవాడు ఐదో రౌండ్‌కు ఎలా జారాడు? ఒకప్పటి మేటి ఆటగాడైన తండ్రి డీయన్ శాండర్స్ పేరు మేలుకంటే కీడే చేసిందా? మధ్యలో అట్లాంటా ఫాల్కన్స్ డిఫెన్స్ కోచ్ కొడుకు ఫోన్ చేసి ఆటపట్టించడం, లీగ్ ఫాల్కన్స్‌కు 2,50,000 డాలర్లు, ఆ కోచ్‌కు 1,00,000 డాలర్లు జరిమానా వేయడం చూస్తే ఆ కుర్రవాడి మీద జాలి కలిగింది.

లెక్కల_మాస్టారు
74 శాతం అంకెకు పక్కన ఇంకో అంకె పెట్టి చూడాలి. కొలరాడోలో రెండేళ్లలో అతడిని తొంభైకి పైగా సార్లు పడగొట్టారు. క్వార్టర్‌బ్యాక్‌కు కాపలా కాసే లైన్ బలహీనమైనదే, కాదనను, కాని బంతిని చేతిలో పట్టుకుని వెనక్కి వెనక్కి జరిగే అలవాటు అతడిది. కళాశాల ఆటలో అలా జరిగి తప్పించుకున్న సందర్భాలు ఉంటాయి, ఈ లీగ్‌లో అదే పని చేస్తే మైల్స్ గారెట్ వంటి డిఫెన్స్ ఆటగాళ్లు ఎదురుగా ఉంటారు. మిగతా గుసగుసలు, ఇంటర్వ్యూలో అలా అన్నాడట, ఇలా కూర్చున్నాడట అనేవి, నేను లెక్కలోకి తీసుకోను.

గోదారి_గోల్‌లైన్
డ్రాఫ్ట్ సంఖ్య మన ఎంసెట్ ర్యాంకు లాంటిది. ఏ కాలేజీలో సీటు వస్తుందో చెబుతుంది గాని నాలుగేళ్ల తర్వాత మనిషి ఏమవుతాడో చెప్పదు. విచిత్రమేమిటంటే రూకీ ఒప్పందం కూడా నాలుగేళ్లే. 2018లో మొదటి రౌండ్‌లో అయిదుగురు క్వార్టర్‌బ్యాక్‌లు వెళ్లారు: మేఫీల్డ్ 1, డార్నాల్డ్ 3, అలెన్ 7, రోజెన్ 10, లామార్ జాక్సన్ 32. అత్యుత్తమ ఆటగాడి పురస్కారాలు తెచ్చుకున్నది ఏడో ర్యాంకూ ముప్ఫై రెండో ర్యాంకూ. రోజెన్‌కైతే ఏడాది తిరిగేసరికే కాలేజీవాళ్లే టీసీ చేతిలో పెట్టారు.

కొలంబస్_బాబాయ్
ర్యాంకు సరే, చేరిన కాలేజీలో అధ్యాపకులు ఏటా మారిపోతుంటే ఏ ర్యాంకరు ఏం చేస్తాడు? 2005లో మొదటి పిక్ అయిన అలెక్స్ స్మిత్‌కు శాన్‌ఫ్రాన్సిస్కోలో తొలి సంవత్సరాలన్నీ ఏడాదికొక అఫెన్సివ్ కోఆర్డినేటర్‌తోనే (దాడిని నడిపే కోచ్‌తోనే) గడిచాయి, ప్రతి వేసవిలోనూ ప్లేబుక్ (వ్యూహాల పుస్తకం) మొదటి పేజీ నుంచి చదువుకోవలసి వచ్చింది. నేను బ్రౌన్స్‌ను 1999లో జట్టు మళ్లీ పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను, నా వాదన ఒక్కటే: మనం తప్పు మనిషిని ఎంచుకున్న సందర్భాలకంటే వచ్చిన మనిషిని చెడగొట్టుకున్న సందర్భాలే ఎక్కువ. టిమ్ కౌచ్‌ను మొదటి పిక్‌గా తెచ్చి, అప్పుడే కట్టుకుంటున్న లైన్ వెనక నిలబెట్టి, దెబ్బల మీద దెబ్బలు తిననిచ్చారు. అయిదు సీజన్లతో అతడి ఆట అయిపోయింది. బేకర్ మేఫీల్డ్ నాలుగు సీజన్లలో తాత్కాలికులతో కలిపి నలుగురు హెడ్ కోచ్‌లను చూశాడు, అయినా 2021 జనవరిలో పిట్స్‌బర్గ్‌ను వాళ్ల మైదానంలోనే 48-37తో ఓడించి, 1994 సీజన్ తర్వాత మనకు తొలి ప్లేఆఫ్ గెలుపు తెచ్చిపెట్టాడు. ఆ తర్వాతి ఏడాది చిరిగిన భుజంతో ఆడి తడబడగానే అతడిని కాదనుకున్నాం. నిరుడు టాంపాలో అతడే 41 టచ్‌డౌన్ పాసులు వేశాడు.

ఇక వాట్సన్ కథ తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. 2017లో పన్నెండో పిక్ మన చేతిలోనే ఉంది. దానిని హ్యూస్టన్‌కు ఇచ్చి, బదులుగా 25వ పిక్కూ మరుసటి ఏటి మొదటి రౌండ్ పిక్కూ తీసుకున్నాం. హ్యూస్టన్ ఆ పన్నెండుతో తీసుకున్నది వాట్సన్‌నే. అయిదేళ్ల తర్వాత, అతడి మీద అన్ని ఆరోపణలు నడుస్తుండగా, అదే మనిషి కోసం అదే హ్యూస్టన్‌కు మూడు మొదటి రౌండ్ పిక్‌లు, పైన మరికొన్ని ఇచ్చి, అయిదేళ్లకు 23 కోట్ల డాలర్లు పూర్తి గ్యారంటీతో రాసిచ్చాం. మొదటి ఏడాది పదకొండు ఆటల నిషేధం, తర్వాత భుజం, తర్వాత మడమ. ఆ బేరం చెడిందని యజమాని జిమ్మీ హాస్లమ్ ఈ వసంతంలో బహిరంగంగానే ఒప్పుకున్నారు. ఇప్పుడు ఇద్దరు కుర్రవాళ్లను చవకలో తేవడానికి కారణం దూరదృష్టి కాదు, పెద్ద బేరానికి చేతిలో డబ్బు లేకపోవడం.

ఫ్రిస్కో_స్టార్
బాబాయ్ గారి పోస్టు చదివాక మా డాలస్ బాధలు నాకు చిన్నవిగా కనిపించడం మొదలైంది. 1995 సీజన్ తర్వాత మేము సూపర్ బౌల్‌కు ముందు మెట్టయిన ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్ ముఖం చూడలేదు. ఎవరైనా గుర్తు చేయకముందే నేనే చెప్పేస్తున్నాను.

నేపర్‌విల్_బేర్
బాబాయ్ గారూ, మీ వాదన సగం వరకే అంగీకరిస్తాను. ప్రతి వైఫల్యాన్నీ జట్టు మీద వేస్తే ఎంపిక చేసినవాళ్లు తప్పించుకుంటారు. 2017లో మా షికాగో మూడో స్థానం నుంచి రెండుకు, అంటే ఒక్క మెట్టు ఎక్కడానికి, రెండు మూడో రౌండ్ పిక్‌లూ ఒక నాలుగో రౌండ్ పిక్కూ శాన్‌ఫ్రాన్సిస్కోకు సమర్పించి మిచ్ ట్రుబిస్కీని తీసుకుంది. కళాశాలలో అతడు మొదలుపెట్టిన ఆటలు పదమూడే. మహోమ్స్ అదే డ్రాఫ్ట్‌లో పదో స్థానం దాకా ఉన్నాడు. 2018లో ట్రుబిస్కీకి ఏం తక్కువైంది? డిఫెన్స్‌లోకి ఖలీల్ మాక్ వచ్చాడు, ఆ డిఫెన్స్ లీగ్‌ను వణికించింది, మా కోచ్ ఆ ఏటి ఉత్తమ కోచ్ అయ్యాడు, 12 గెలుపులు వచ్చాయి. ఇన్ని అమర్చినా అతడు అక్కడితోనే ఆగిపోయాడు. కొన్నిసార్లు మనిషినే తప్పుగా ఎంచుకుంటారు, దానికి వేరే వివరణ వెతకనక్కరలేదు.

కొలంబస్_బాబాయ్
మరి నిరుడు కేలెబ్ విలియమ్స్‌ను 68 సార్లు పడగొట్టించుకున్నది ఎవరు? అదీ ఎంపిక తప్పేనా?

నేపర్‌విల్_బేర్
అది ఎంపిక తప్పు కాదు, కట్టుబడి తప్పు. అందుకే మా వాళ్లు ఈ ఏడాది ముందు డెట్రాయిట్ నుంచి బెన్ జాన్సన్‌ను కోచ్‌గా తెచ్చి, తర్వాత జో థూనీ, జోనా జాక్సన్, డ్రూ డాల్మన్‌లతో లైన్ మధ్యభాగం మొత్తం మార్చేశారు. ఆ పడగొట్టడాల్లో (సాక్‌లలో) కొన్నిటికి కేలెబ్ కూడా బాధ్యుడే, బంతిని త్వరగా వదలడు. కాని 68 అంటే ఎవరైనా భయపడతారు. 2002లో హ్యూస్టన్ వాళ్లు డేవిడ్ కార్‌ను 76 సార్లు పడనిచ్చి ఏం మిగుల్చుకున్నారో అందరికీ తెలుసు.

తెల్లారిగట్ల_ఆట
ఒక సందేహం. 2011కు ముందు మొదటి పిక్‌కు ఇప్పటికంటే చాలా ఎక్కువ డబ్బు ఎందుకిచ్చేవారు?

లెక్కల_మాస్టారు
అప్పట్లో రూకీ జీతాలకు కట్టుదిట్టమైన పట్టిక లేదు, ఏజెంటు ఎంత బేరమాడగలిగితే అంత. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్లు, అందులో 5 కోట్లు గ్యారంటీ. 2011లో ఆటగాళ్ల సంఘంతో లీగ్ చేసుకున్న కార్మిక ఒప్పందం తర్వాత అదే మొదటి పిక్ కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2.2 కోట్లు. అందుకే ఇప్పుడు కుర్ర క్వార్టర్‌బ్యాక్ బాగా ఆడితే ఆ నాలుగేళ్లలో మిగిలిన డబ్బుతో చుట్టూ మంచి ఆటగాళ్లను కొనుక్కోవచ్చు. బ్రౌన్స్ చేస్తున్న పనికి ఉన్న ఏకైక ఆర్థిక తర్కం కూడా ఇదే. ఇద్దరిలో ఒకడు ఫలించినా వాట్సన్ భారం మోస్తున్న కాలంలో జట్టు ఊపిరి పీల్చుకుంటుంది.

ఫ్రిస్కో_స్టార్
దీనికి మా డాక్ ప్రెస్కాటే తార్కాణం. 2016లో మా యజమాని జెర్రీ జోన్స్ మనసు పడింది పాక్స్టన్ లించ్ మీద. డెన్వర్ ముందుగా ఎగబాకి అతడిని ఎగరేసుకుపోయినందుకు తర్వాత పైకే విచారించాడు. నాలుగో రౌండ్‌లో, 135వ స్థానంలో, డాక్ మా చేతికి దాదాపు మూడో ఎంపికగా వచ్చాడు. చవక జీతంతో ఆడిన ఆ నాలుగేళ్లలో మేము ఏమైనా సాధించామా అంటే సాధించలేదు, ఇప్పుడు ఏడాదికి 6 కోట్ల డాలర్లు ఇస్తున్నాం. తర్కం బాగుంటే సరిపోదు, దాన్ని వాడుకునే యాజమాన్యం కూడా ఉండాలి. మా యజమానే జనరల్ మేనేజర్ కూడా గనుక ఎవరి మీద ఫిర్యాదు ఎవరికి చేయాలో తెలియదు.

ఎరీ_ఒడ్డు
మాటలు కొంచెం పక్కకు వెళ్తున్నాయి. నా ప్రశ్న ఇద్దరిని తీసుకోవడం గురించి. వేచి ఉండి నేర్చుకునే పద్ధతి మంచిదని నేనూ ఒప్పుకుంటాను. గ్రీన్ బేలో రాజర్స్ మూడేళ్లు ఫార్వ్ వెనక కూర్చున్నాడు, జోర్డన్ లవ్ మూడేళ్లు రాజర్స్ వెనక కూర్చున్నాడు, మహోమ్స్ తొలి ఏడాది అలెక్స్ స్మిత్ వెనక ఉండి చివరి ఆట ఒక్కటే మొదలుపెట్టాడు. అయితే వాళ్లందరి విషయంలో రాబోయేవాడు ఒక్కడే. మా దగ్గర కూర్చున్నవాళ్లు ఇద్దరు, పైన పికెట్ కూడా నాకూ ఒక అవకాశం అంటున్నాడు. మొదటి రెండు ఓటములు ఎదురవగానే మైదానంలో ఒక సగం గాబ్రియెల్ పేరు, ఇంకో సగం శాండర్స్ పేరు అరుస్తుంది. ఆ ఒత్తిడిని మా కోచ్ స్టెఫాన్‌స్కీ ఎన్నాళ్లు తట్టుకుంటాడు?

నైనర్_నాని
2020లోనూ 2023లోనూ ఉత్తమ కోచ్ అయిన మనిషి అరుపులకు బెదురుతాడని నేననుకోను. 2023లో సోఫా మీద నుంచి లేచి వచ్చిన ఫ్లాకోతోనే ప్లేఆఫ్స్ చేరాడు కదా.

గోదారి_గోల్‌లైన్
గాబ్రియెల్‌ను ఎవరూ పట్టించుకోకపోవడం అన్యాయం. సెంట్రల్ ఫ్లోరిడా, ఓక్లహోమా, ఒరెగన్, మూడు విశ్వవిద్యాలయాల్లో కలిపి అరవైకి పైగా ఆటలు మొదలుపెట్టిన అనుభవం అతడిది. బంతి త్వరగా వదులుతాడు, ఎడమచేతివాటం, ఎత్తు మాత్రం ఆరడుగులకు అంగుళం తక్కువ. స్టెఫాన్‌స్కీ పద్ధతికి వీళ్లిద్దరిలో అతడే దగ్గర. పేరున్న తండ్రి లేకపోవడం వల్ల అతడి జెర్సీలు అమ్ముడుపోవు, అంతే తేడా.

కొలంబస్_బాబాయ్
క్లీవ్‌లాండ్‌లో క్వార్టర్‌బ్యాక్ జెర్సీ కొనడమే సాహసం. 1999 నుంచి ఆటను మొదలుపెట్టినవాళ్లు దాదాపు నలభై మంది. కౌచ్ పేరున్న జెర్సీ మీద ఒక్కొక్క పేరూ కొట్టేసి కింద కొత్త పేరు అతికిస్తూ పోయిన అభిమాని చివరికి మానుకున్నాడు.

ఒక సంగతి అందరూ మరిచిపోతున్నారు. 2007లో మనం మొదటి రౌండ్‌లో ఇద్దరిని తీసుకున్నాం: మూడో స్థానంలో జో థామస్, 22లో బ్రేడీ క్విన్. 2014లో 22వ స్థానంలో జానీ మాంజియెల్, తర్వాత 35లో జోయెల్ బిటోనియో. క్విన్ మూడేళ్లకు, మాంజియెల్ రెండేళ్లకు వెళ్లిపోయారు. లైన్ ఆటగాడు థామస్ వరుసగా 10,363 స్నాప్‌లు (బంతి కదిలే ఒక్కో ఎత్తు) ఆడి హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కాడు, బిటోనియో ఈ ఏడాది కూడా ఆడుతున్నాడు. లైన్ ఆటగాడిని ఎంచుకోవడం మనవాళ్లకు తెలుసు, తెలియనిది మిగతా పనే.

నేపర్‌విల్_బేర్
మీ ఉదాహరణ మీ వాదనకే అడ్డం తిరిగింది బాబాయ్ గారూ. పదకొండు సీజన్లు అంతటి మహానుభావుడు ఎడమవైపు కాపలా కాసినా జో థామస్ ఒక్క ప్లేఆఫ్ ఆటైనా ఆడలేదు. కాపలా ఉన్నా వెనక నిలబడినవాడు సరైనవాడు కాకపోతే ఫలితం అదే. కాబట్టి మనిషి ఎంపికే మొదటి సంగతి అని మళ్లీ అంటున్నాను.

కొలంబస్_బాబాయ్
ఒక్క థామస్‌ను చూపి లైన్ మొత్తం బాగుందంటే ఎలా? ఆ పదకొండేళ్లలో ఎందరు కోచ్‌లు మారారో లెక్కపెట్టి రండి, తర్వాత మాట్లాడుకుందాం.

ఆష్‌బర్న్_అన్న
మీ ఇద్దరి వాదనకూ మధ్యలో మా జేడెన్ డేనియెల్స్‌ను పెట్టి చూడండి. నిరుడు రెండో పిక్‌గా వచ్చాడు. అదే ఏడాది కొత్త యాజమాన్యం కింద కొత్త జనరల్ మేనేజరు, కొత్త కోచ్ డాన్ క్విన్, కళాశాల ఆట పోకడ తెలిసిన అఫెన్స్ కోచ్ క్లిఫ్ కింగ్స్‌బరీ వచ్చారు. 12 గెలుపులు, ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్. మనిషీ సరైనవాడే, వేళా సరైనదే. పాత యాజమాన్యం ఉండి ఉంటే ఇతడిని కూడా గ్రిఫిన్‌లాగే మోకాలు విరిగేదాకా ఆడించేవారేమోనన్న అనుమానం నాకుంది.

ఎరీ_ఒడ్డు
అందరూ చెప్పింది విన్నాక కూడా ఆ 144వ పిక్ నాకు నచ్చలేదు. దానితో లైన్‌కు ఒక కుర్రవాడిని తీసుకోవలసింది, ఎందుకంటే బిటోనియో ఇంకెన్నాళ్లో ఆడడు. నాకు నచ్చిన పని వేరే ఉంది. జనరల్ మేనేజర్ ఆండ్రూ బెరీ రెండో పిక్‌ను జాక్సన్‌విల్‌కు ఇచ్చి, అయిదో పిక్, 36, 126లతో పాటు 2026 మొదటి రౌండ్ పిక్ కూడా తెచ్చాడు. ఆ రెండో పిక్‌తో జాక్సన్‌విల్ తీసుకున్న ట్రావిస్ హంటర్ వంటివాడిని వదులుకోవడం బాధే గాని, వచ్చే ఏడాది మన చేతిలో మొదటి రౌండ్ పిక్‌లు రెండుంటాయి. వీళ్లిద్దరూ తేలిపోతే అప్పుడు నిజమైన క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకోవచ్చు.

ఫిల్లీ_గద్ద
అంటే ఈ ఏడాది మీరు ప్రతి ఆదివారం రెండు ఆటలు చూడాలి: మీ జట్టు గెలవాలని ఒకటి, జాక్సన్‌విల్ ఓడాలని ఇంకొకటి, వాళ్లెంత ఓడితే ఆ పిక్ అంత ముందుకొస్తుంది గనుక.

గోదారి_గోల్‌లైన్
జాక్సన్‌విల్ అంత తేలిగ్గా ఓడుతుందని ఆశ పెట్టుకోకండి. ఆ జట్టుకు ఈ ఏడాది కొత్త కోచ్ లియామ్ కోఎన్. నిరుడు టాంపాలో అఫెన్స్ నడిపింది, మీరు పొమ్మన్న బేకర్ మేఫీల్డ్ చేత ఆ 41 టచ్‌డౌన్ పాసులు వేయించింది ఆయనే.

కొలంబస్_బాబాయ్
ఈ రాత్రికి కూడా నాకు నిద్ర లేదన్నమాట.